స్లాబు వద్దన్నాను

పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో మేముంటున్న ఇల్లు మాదే, స్థలం మాది కాదు. అండమాన్‌లో భూమంతా ప్రభుత్వానిదని 1966 నాటి భూ రెవెన్యూ చట్టం. మనకి దక్కేది కౌలుదారు హక్కో, లైసెన్సో. దానికి రుజువు ఫారం-ఎఫ్. ఆక్రమణల క్రమబద్ధీకరణకి ఇక్కడ గీత 1978. మా నాన్న సోంపేట నుంచి ఓడెక్కి వచ్చింది ఆ తర్వాతే. మా బీరువాలో ఉన్నది స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు.

"పైన స్లాబు పోసి రెండు గదులు అద్దెకిద్దాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. సిమెంటూ ఇనుమూ ఓడలో రావాలి కాబట్టి ఖర్చు పదిహేను లక్షలు తేలింది. అద్దె నెలకి పన్నెండు వేలు. అసలు తిరిగి రావడానికే పదేళ్లు దాటుతుంది. హక్కు కాగితం లేని స్థలం మీద బ్యాంకు అప్పివ్వదు, అంటే పెట్టేదంతా మేం దాచుకున్న సొమ్మే. ఆ పదేళ్లూ నోటీసు రాదని ఎవరు రాసిస్తారు?

మా వీధి నాయకుడొకాయన మాత్రం "నేనుండగా ఎవడు కూలుస్తాడండీ" అన్నాడు. మంచి మనిషే. కానీ మున్సిపాలిటీ చేతిలో రోడ్డుంది, నీళ్లున్నాయి, భూమి లేదు. ఇక్కడి 24 వార్డుల మున్సిపల్ కౌన్సిల్‌లో 2022లో తెలుగుదేశం రెండు గెలిచింది. మరుసటేడు బీజేపీ మద్దతుతో అధ్యక్ష పదవీ ఆ పార్టీకే వచ్చింది. తెలుగువాళ్లుగా మాకు గర్వంగానే ఉంది. అయితే భూమి మీద మాట చెల్లేది అడ్మినిస్ట్రేషన్‌ది, ఈ దీవులకి శాసనసభ లేదు. ఓటడగడానికి వచ్చేవాడు పట్టా ఇవ్వలేడు, ఇవ్వగలిగినవాడు ఓటడగడు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. మా కాగితాలు మాత్రం అవే.

ఇలాంటి కాగితాల బలమెంతో అదే ఏడు సెప్టెంబరులో హైదరాబాదులో చూశాం. కూల్చాల్సినవని గుర్తుగా మూసీ నది ఒడ్డు ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. చైతన్యపురి వైపు జనం అధికారులకి అడ్డం తిరిగారు. వాళ్ల దగ్గరా పన్ను రసీదులున్నాయి. డబుల్ బెడ్రూం ఇల్లు ఇస్తామన్నారు. తలదాచుకోవడానికి అది చాలుతుందేమో గానీ పై అంతస్తు అద్దె మీద బతికేవాడికి ఆ అద్దె ఎక్కడిది? నవంబరు 13న సుప్రీంకోర్టు పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దంది. రోడ్డు మీదా, కాలిబాట మీదా ఉన్న, నదినీ చెరువునీ ఆనుకున్న అక్రమ కట్టడాలకి ఆ రక్షణ లేదనీ అదే తీర్పులో ఉంది.

నేను ఇనుప స్తంభాలకి బోల్టులు బిగించి కొత్త రేకులు వేయించాను. మూడు లక్షలైంది. రేపు ఊడదీసినా ఇనుము మనదే. మిగిలిన దాంట్లో సగం సోంపేట దగ్గర రిజిస్ట్రేషనున్న జాగాకి, సగం పోస్టాఫీసు డిపాజిట్‌కి వెళ్లింది. మా అబ్బాయికి ఇంకా అలకే. జాగా మీద అద్దె రాదంటాడు, అదీ నిజమే.

గోల్ ఘర్‌లో గానీ ఈ దీవుల్లో ఇంకెక్కడైనా గానీ స్లాబు పోసే ఆలోచన ఉంటే, మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి ఫారం-ఎఫ్‌లో ఎవరి పేరుందో చూసుకోండి. వార్డు మీటింగులోనూ ధర్నాలోనూ రోడ్డు తర్వాత, ముందు అడ్మినిస్ట్రేషన్ నుంచి పట్టా అడగండి.