బదరీవృక్షం క్రింద



ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పిల్లలకు పాఠాలు చెప్పాను. అలసిపోయిన మనిషికి పాఠం చెప్పరాదన్న సంగతి మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. పసిపిల్లలతో సతమతమవుతున్న తల్లిదండ్రులెవరైనా ఈ టపా చదువుతారేమోనని వ్రాస్తున్నాను.

1992 వానాకాలం. కామారెడ్డి అప్పటికింకా జిల్లా కాలేదు. అది 2016లో ఏర్పడింది. నిజామాబాదు జిల్లాలోనే ఉన్న ఎల్లారెడ్డిలో మా కాపురం, కామారెడ్డిలో నా ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కి లింగంపేట మీదుగా పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేవాణ్ణి. ఇంట్లో మూడేళ్ళ అమ్మాయి, అయిదు నెలల బాబు. బాబుకు రాత్రంతా దగ్గు, పగలంతా ఏడుపు.

ఒక శనివారం సాయంత్రం వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. నా భార్య గోడకు చేరగిలబడి కూర్చున్నది. "నాతోని అయితలేదు. దేవుడు నన్ను తీసుకపోయినా మంచిగుండు" అన్నది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చి యోబు సహనాన్ని గురించి అరగంట ఉపన్యసించాను. సమాసాలు చక్కగా కుదిరాయి కూడా. ఆమె ఒక్క మాటా పలుకలేదు.

మరునాడు ఆమె ఆరాధనకు రాలేదు. మా సంఘంలోని ఒక ముసలమ్మ, అక్షరం రాని మనిషి, కారణం అడిగి తెలుసుకుని, మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చింది. గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, గిన్నెలో పుంటికూర తెచ్చింది. "ముందు తిను బిడ్డా. తిని పండుకో. పోరగాండ్లను నేను చూస్త" అని, చెంబుతో నీళ్ళు పెట్టి, బాబును భుజాన వేసుకుని వేపచెట్టు క్రిందికి పోయింది. నా భార్య తిని నిద్రపోయింది. చీకటి పడ్డాక లేచి, మిగిలిన రొట్టె తిని మళ్ళీ నిద్రపోయింది.

ఆ రాత్రి మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరిచాను. కర్మెలు కొండ మీద అంతటి విజయం చూసిన ఏలీయా ప్రవక్త, ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం క్రింద కూలబడి చావును కోరుకుంటాడు. సంస్కృతంలో బదరి అంటే రేగు. హీబ్రూ మూలంలో ఉన్నది రోతెం అనే ఎడారి పొద అని తరువాత తెలిసింది కానీ, నా కంటికి మాత్రం ఎల్లారెడ్డి చెలకల్లోని రేగుచెట్టే కనబడుతుంది. దేవదూత వచ్చి అతన్ని మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. నిద్రపోనిచ్చి, మళ్ళీ లేపి తినమన్నాడు. ఇక్కడ నీకేమి పని అని దేవుడు అడిగింది నలభై దినాల తరువాత, హోరేబు కొండ దగ్గర. ఆపైన ఎలీషాను తోడుగా ఇచ్చాడు. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. ఆ వరుసను నేనెన్నడూ గమనించలేదు.

మా ప్రాంతపు క్రైస్తవులకు ఇది కొత్త కాకూడదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు దేవాలయాన్ని చూసినవారికి, కరవు రోజుల్లో పోస్నెట్ దొర ఆ కట్టడం పని కల్పించి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టించిన సంగతి తెలుసు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ప్రార్థనకు కూర్చుంటే కునుకు పట్టడం విశ్వాసలోపం కాదు. "నా వల్ల కావడం లేదు" అన్న మాట ఏలీయా కూడా అన్నదే. ఎవరైనా ఒక పూట పిల్లల్ని చూస్తామంటే మొహమాటపడకండి. దేవదూతలకు రెక్కలుండాలన్న నియమం లేదు.

ఇప్పుడు మా అమ్మాయి కామారెడ్డిలో ఉంటుంది. కవలపిల్లలు, ఉద్యోగం. మొన్న రాత్రి పదకొండింటికి ఫోను చేసి, "నాన్నా, నాకు ఏడ్వడానికి కూడా ఓపిక లేదు" అన్నది. నోటిదాకా వచ్చిన వాక్యాన్ని మింగి, తెల్లవారి మొదటి బస్సెక్కాను. జొన్నరొట్టె చేయడం నాకు ఇంకా సరిగా రాదు, అంచులు విరిగిపోతాయి. అమ్మాయి అవే తిని పడుకున్నది. నేను పిల్లల్నిద్దరినీ ఆడించుకుంటూ వరండాలో కూర్చున్నాను.

నా భార్య 2014లో ప్రభువు సన్నిధికి చేరుకున్నది. ఆనాటి ఉపన్యాసానికి ఆమెను క్షమాపణ అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. అడగలేదు.