సూది ముందు మొహమాటం

మా గౌనిపల్లి వైపు చెంబుతో నీళ్లిస్తే ఎత్తి తాగుతాం. ఎంగిలి అంటే ఏమిటో చిన్నపిల్లలకూ తెలుసు. అలాంటి మనమే ఆసుపత్రిలో సూది కొత్తదా అని అడగం. నర్సమ్మ ఏమనుకుంటుందోనని మొహమాటం.

నోటి ఎంగిలికన్నా సూది ఎంగిలి ప్రమాదం. ఒకరికి వాడిన సూదీ సిరంజీ మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి క్రిములు నేరుగా ఒంట్లోకి చేరవచ్చు.

చేతుల సంగతీ అంతే. శవపరీక్ష చేసి వచ్చినవారు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కున్నాకే పురుళ్లు చూడాలని 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు నియమం పెట్టాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. తమ చేతులే కారణమంటే ఎవరికి రుచిస్తుంది?

సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతులకు రాసుకునే మందుతో అయితే 20 నుంచి 30 సెకన్లు చాలు. గ్లవుజులు తొడిగినా కడగడం తప్పదు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా, గుచ్చుకుపోని తెల్లడబ్బాలో వేయాలి. అది గుచ్చుకుంటే ఆ జబ్బులు నర్సమ్మకూ రావచ్చు.

బ్యాంకులో నోట్లు కౌంటరు దగ్గరే లెక్క చూసుకోమని మేమే చెబుతాం. చూసుకున్నవారిమీద ఏ క్యాషియరూ అలగడు. "ప్యాకెట్టు నా ఎదురుగా విప్పమ్మా" అనడమూ అంతే.

ఆసుపత్రి గోడమీది కన్నడ బోర్డు చదవలేని మన అవ్వలకు ఈ ఒక్క మాటా తెలుగులో చెప్పి పంపుదాం.