సూది చెప్పిన అబద్ధం

ముప్పై యేళ్ళకు పైగా బడిలో పనిచేసి, అబద్ధమాడే పిల్లవాణ్ణి ముఖం చూసి పట్టగలనని గర్వపడేవాణ్ణి. ఆ గర్వం నిరుడు అమెరికాలో, మిచిగన్‌లోని మా అబ్బాయి ఇంట్లో అణిగింది.

మా అబ్బాయి దగ్గర 1968 నాటి కారు ఒకటి వున్నది. మామూలు కారుకు పెద్ద ఇంజను బిగించిన అలాంటి బండ్లను అక్కడ 'మజిల్ కార్లు' అంటారు. కండలు తిరిగిన కార్లన్నమాట! 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో వాటి సందడి మొదలయిందని చెపుతారు.

ఒకనాడు పదహారేళ్ళ మా మనవడు తండ్రి ఇచ్చిన డబ్బుతో పెట్రోలు పోయించుకు వచ్చాడు. చూస్తే మీటరు సూది 'ఖాళీ' మీదనే వున్నది. రసీదు ఏదిరా అంటే పారేశానన్నాడు.

"నిజంగా పోయించాను తాతయ్యా!"

"అయితే సూది అబద్ధమాడుతున్నదా?" అన్నాను.

వాడు మారు మాట్లాడలేదు. రాత్రి అన్నానికి కూడా రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. వాణ్ణి ప్రశ్నలు వేశాను గాని, సూదిని ఒక్క ప్రశ్నయినా వేశానా?

ఆ మీటరులో రెండు లోహాలు అతికిన పట్టీ, దానికి చుట్టిన సన్నని తీగ వుంటాయి. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. ఒక లోహం రెండోదాని కన్న ఎక్కువ సాగుతుంది గనక పట్టీ వంగి సూదిని జరుపుతుంది. అందుకే సూది బద్ధకంగా లేస్తుంది. ట్యాంకులో ఒక తేలుడుబుడ్డి వున్నది. పెట్రోలు నిండితే అది పైకి తేలి, కరెంటుకు అడ్డు తగ్గిస్తుంది. నిండినప్పుడు ఆ అడ్డు సుమారు 10 ఓములు, ఖాళీ అయితే 70 పైచిలుకు. మరి దారి ఎక్కడైనా తెగితే? కరెంటే పారదు. నిండు ట్యాంకునైనా సూది ఖాళీ అంటుంది!

తెల్లవారగానే ముగ్గురమూ కారు దగ్గర చేరాము. ఇంజను వేడి చూపే సూది సరిగానే వున్నది. రెండు సూదులకూ కరెంటు ఒకే చిన్న పెట్టె నుంచి వస్తుంది గనక పెట్టె మంచిదే. తరువాత మా అబ్బాయి ట్యాంకు దగ్గరి తీగ వూడదీసి, దూరంగా కారు ఇనుముకు తగిలించి, కాసేపు తాళం తిప్పాడు. (పెట్రోలు దగ్గర నిప్పురవ్వ ప్రమాదం. మీరు చేయకండి.) సూది 'నిండు' వైపు కదిలింది. అంటే మీటరూ మంచిదే, తీగా మంచిదే.

ఇక మిగిలింది ట్యాంకులోని బుడ్డి, కరెంటు తిరిగి వచ్చే దారి. పెట్రోలు గొట్టం మధ్యలో రబ్బరు ముక్క వున్నది. రబ్బరులో కరెంటు పారదు గనక, దాని మీదుగా ఒక లోహపు పట్టీ వంతెనలాగా వేశారు. ఆ వంతెనే తుప్పు పట్టింది! అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు తెచ్చిన తుప్పును మావాడు ఉప్పుకాగితంతోనే రుద్ది వదిలించాడు.

తాళం తిప్పాము. సూది మెల్లగా లేచి, సగం దాటి నిలిచింది.

"నాయనా, నిన్న నేనన్నది తప్పు," అన్నాను.

"పోనీలే తాతయ్యా, ఆ గుడ్డముక్క ఇలా ఇవ్వు," అన్నాడు వాడు, కారు కింద నుంచి.