మట్టి ఇల్లంటే సిగ్గుపడే పనేం లేదు



ఈసారి ఇళ్ల గురించి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మేము పాడేరు వైపు ఊళ్ల నుంచి వచ్చి విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ఇక్కడ బస్సెక్కితే ఎటు చూసినా అపార్ట్‌మెంట్ల బోర్డులే. "గ్రీన్ హోమ్స్" అని రాసి పక్కన ఆకు బొమ్మ. గాలి ఇటు నుంచి అటు ఆడే కిటికీలు, గోడకి ఎండ తగలని నీడ, వేడి లోపలికి రాని గోడలు. అవి చదివితే మాకు నవ్వొస్తుంది. మందంగా మట్టి గోడ పెట్టి, చూరు కిందికి దించి, అరుగు వేసి మన తాతలు కట్టిందీ అదే కదా! కానీ దాన్ని మాత్రం కాగితాల్లో "కచ్చా ఇల్లు" అని రాస్తారు.

ఇప్పుడు మన ఊళ్లల్లో పథకం ఇళ్లు లేస్తున్నాయి. మంచిదే. కానీ సిమెంటు, ఇనుము అన్నీ కింద నుంచే రావాలి. రోడ్డు లేని ఊరికైతే మోత కూలీకే సగం ప్రాణం పోతుంది. ఎండాకాలం ఆ స్లాబు రాత్రయినా వేడి వదలదు. ముసలాళ్లు మళ్లీ పాత ఇంటి అరుగు మీదకే వెళ్లి పడుకుంటారు.

సిమెంటు తయారీకి సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బొగ్గు పొగ ఒక్కటే కాదు, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే దాంట్లో 7, 8 శాతం సిమెంటుదే.

అలాగని పాత ఇల్లే గొప్పది, అందులోనే ఉండిపోదాం అనట్లేదు. చెద పడుతుంది, వానకి గోడ అడుగు కరుగుతుంది, గడ్డి కప్పుకి నిప్పు భయం. ఏటా అలికే చాకిరీ అంతా అమ్మల మీదే. అందుకే మధ్య దారులు చూడాలి.

ఒకటి, మట్టిలో కొద్దిగా, అంటే 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపి మిషన్లో నొక్కిన ఇటుకలు. బట్టీ అక్కర్లేదు, కట్టెలు అక్కర్లేదు. రెండు, ఇటుకల్ని పక్కకి నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే గోడ. ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. కేరళలో లారీ బేకర్ దీన్ని బాగా వాడారు. ఇటుకలు పాతిక శాతం దాకా మిగులుతాయి, లోపలి గాలి వేడిని ఆపుతుంది. మూడు, స్లాబు కింది భాగంలో పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించడం.

ముఖ్యమైన మాట. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధనల ప్రకారం ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి, కాంట్రాక్టరు కట్టకూడదు, లబ్ధిదారే కట్టుకోవాలి. స్థానిక సామాన్లతో కట్టే నమూనాలకి అందులోనే చోటుంది. అంటే అడిగే హక్కు మనదే. "అందరికీ ఇదే ప్లాను" అని ఎవరైనా అంటే తలూపి ఊరుకోవద్దు.

సెలవులకి వెళ్లినప్పుడు ఒక్క పని చేద్దాం. గ్రామసభలో లేచి అడుగుదాం: మన మట్టి పరీక్ష చేయిస్తారా, ఇటుక నొక్కే మిషను మండలానికి ఒకటైనా ఇప్పిస్తారా, మన కుర్రాళ్లకి మేస్త్రీ పని నేర్పిస్తారా అని. కూలీ డబ్బులు కూడా ఊళ్లోనే ఉంటాయి.

మీ ఊళ్లో గోడకి ఏ మట్టి వాడతారో, అందులో ఏం కలుపుతారో కామెంట్లో రాయండి. పెద్దవాళ్లని అడిగి రాయండి, వాళ్లుండగానే.