టీవీకి కనిపించని మా పెళ్లి

నాన్న సంవత్సరీకం అయిపోయాక, నాలుగు రోజులైనా నా దగ్గర ఉంటుందని అమ్మను ధర్మవరం నుంచి హిందూపురం తీసుకొచ్చాను. రైలు పెనుకొండ స్టేషన్లో ఆగినప్పుడు కిటికీలోంచి కొండకేసి చూసి, "ఆ కొండ కిందే గదా పాపా మీ పెండ్లి చేసింది" అంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుందో లేదో, "ఆ పెండ్లి క్యాసెట్టు పెట్టు, మీ నాయన్ను సూడల్ల" అంది.

నాన్న ఫొటోలు చాలా ఉన్నాయి. నడిచే నాన్న మాత్రం ఒక్కచోటే ఉన్నాడు, 2002లో పెనుకొండలో జరిగిన మా పెళ్లి వీడియోలో. తమ్ముడి పెళ్లి కదిరి నరసింహస్వామి గుళ్లో ఫొటోలతోనే సరిపెట్టాం. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేనాటికి ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు, ఎవరైనా ఫోన్ ఎత్తితే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఇంక మా పెళ్లి క్యాసెట్టు ఏనాడో బూజు పట్టిపోయింది. దాన్నుంచి చేయించిన రెండు సీడీలు గీతలు పడక ముందే మావాడు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు కాబట్టి బతికిపోయాం.

ఆ కంప్యూటర్ మిద్దె మీద వాడి గదిలో ఉంది. అమ్మ మోకాళ్లకు మా మెట్లు పడవు. ఫోన్‌లో చూపిద్దామా అంటే, "దాండ్లో మనిషి బొటనేలంత ఉంటాడు, నాకేం ఆనుతుంది" అంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. హాల్లో పెద్ద టీవీలోనే పెట్టాలి.

పెట్టడం పెద్ద పనేం కాదు, ఏడాది కిందటైతే. టీవీ వెనక అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉంది. ఆ డబ్బా వైఫై ద్వారా మిద్దె మీది కంప్యూటర్‌లో ఉన్న వీడియోలను తెచ్చి టీవీలో చూపించేది. బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లే ముందు మావాడు కంప్యూటర్‌కి కొత్త హార్డ్‌డిస్క్ వేసి, విండోస్ మళ్లీ ఎక్కించి వెళ్లాడు. ఆ మధ్యనే నెట్ వాళ్లు రూటర్ కూడా మార్చారు. ఆ తర్వాత డబ్బాలో వీడియోల గది తెరిస్తే ఖాళీ. సీరియళ్లు ఎలాగూ వస్తున్నాయి కదా అని నేనూ పట్టించుకోలేదు.

మొదట నాకు తోచిన సులువైన దారి పెన్‌డ్రైవ్. పెళ్లి వీడియో అందులోకి కాపీ చేసి డబ్బాకి గుచ్చాను. ఖాళీ. గుచ్చే కంత పాడైపోయింది అనుకున్నాను. (ఈ పెన్‌డ్రైవ్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.) బజార్లో టీవీలు బాగుచేసే అతన్ని అడిగితే డబ్బా మొహం కూడా చూడకుండా, "ఇవన్నీ పాతబడిపోయినాయమ్మా, కొత్త టీవీ తీసుకోండి" అన్నాడు. మావారు ఆదివారం కంప్యూటర్‌నే కిందికి దించి టీవీకి తగిలిస్తానన్నారు. అమ్మ శనివారమే పోతానంటోంది. తమ్ముడి మగ్గానికి కండెలు చుట్టేది ఆమే. అప్పటికి బుధవారం.

ఆ రాత్రి మావాడికి ఫోన్ చేశాను. "మ్మా, నేను వచ్చినప్పుడు చూస్తాలే" అన్నాడు. "నువ్వొచ్చేలోపల మీ అవ్వ పోతుంది రా, ఎట్ల చేయాల్నో చెప్పు" అన్నాను. వాడు అడిగిన మొదటి ప్రశ్నకే నాకు సగం విషయం అర్థమైంది. డబ్బా ఏ వైఫైకి కలిసి ఉంది అని అడిగాడు. చూస్తే రెండు పేర్లున్నాయి. ఒకటి ఇంటిది, రెండోది చుట్టాలొస్తే ఇవ్వడానికి పెట్టిన గెస్ట్ వైఫై. రూటర్ మార్చినప్పుడు ఎవరు చేశారో గాని డబ్బాని చుట్టాల దాంట్లో కలిపారు. చుట్టాల వైఫైలో ఉన్నవాటికి బయటి ఇంటర్నెట్ వస్తుంది, కానీ ఇంట్లోని వేరే మిషన్లు కనిపించవు. వసారాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, వంటింట్లోకి రానివ్వనట్టు. అందుకే సీరియళ్లు శుభ్రంగా వస్తున్నాయి, మా ఫైళ్లు మాత్రం లేవు. డబ్బాని ఇంటి వైఫైకి మార్చాను. అయినా ఖాళీనే.

మిద్దె ఎక్కి చూస్తే కంప్యూటర్‌దీ ఒక తప్పు ఉంది. ఇంటి వైఫైని అది 'పబ్లిక్' అనుకుంటోంది, అంటే బస్టాండులోనో హోటల్లోనో ఉన్నాననుకుని తలుపులు బిగించుకుని కూర్చుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 'ప్రైవేట్' చేశాను. దిగొచ్చి చూస్తే అదే ఖాళీ. ఆ రోజు ఎన్నిసార్లు మెట్లు ఎక్కి దిగానో లెక్కపెట్టలేదు. అమ్మ మాత్రం, "పోనీలే పాపా, యాల ఇంత అవస్థ" అంటూనే టీవీ ముందు నుంచి కదలలేదు.

మర్నాడు పనులయ్యాక మళ్లీ కూర్చున్నాను. చిన్నప్పుడు నాన్న మగ్గం పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. పడుగులో పోగు తెగితే నాన్న చేతులాపి, తెగిన కొస ఏదో వేళ్లతో వెదికి పట్టుకుని, ముడేసి, ఒకసారి నేసి చూసేవాడు. సరిగ్గా పడితేనే ముందుకు. రెండు పోగులు తెగాయని రెండూ ఒకేసారి లాగేవాడు కాదు. నేను ముందురోజు కంగారులో మూడేసి మార్పులు ఒకేసారి చేసి, ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియకుండా చేసుకున్నాను. ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఒక మార్పు చేయడం, దిగొచ్చి చూడడం, రాసుకోవడం.

మధ్యాహ్నం భోజనాల వేళ మావాడే ఫోన్ చేశాడు. వాడి స్నేహితుడెవరో, కంప్యూటర్‌లో పాత ఎస్సెంబీ ఆన్ చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుందన్నాడట. వీడు వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్తే గాని నేను ఊరుకోలేదు. ఇంట్లో మిషన్లు ఒకదాని ఫైళ్లు ఒకటి చూడడానికి మాట్లాడుకునే భాషట ఎస్సెంబీ అంటే. అందులో మొదటిది చాలా పాతది, 1980ల నాటిది. 2017 మే నెలలో వాన్నక్రై అని ఒక వైరస్ వచ్చింది, గుర్తుందా? ఫైళ్లకు తాళం వేసి డబ్బు కడితేనే తీస్తానంది. ప్రపంచంలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని పాలయ్యాయి, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అది దూరింది ఆ పాత భాషలో ఉన్న కన్నంలోంచే. అందుకని ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా ఎక్కించే విండోస్‌లో ఆ పాత భాష మామూలుగా ఉండదు. మా కంప్యూటర్ కొత్త భాష మాట్లాడుతోంది, డబ్బాకి మావాడు ఎప్పుడో పాత కంప్యూటర్ కోసం పాత భాషే పెట్టి ఉంచాడు. "ఇంటికి కన్నం పెట్టుకోవద్దు మ్మా, డబ్బాకే కొత్తది నేర్పిద్దాం" అన్నాడు. డబ్బా సెట్టింగ్స్‌లో గరిష్ఠం ఒకటి అని ఉంటే మూడు చేశాను.

ఇంకో చిక్కు. పాత రోజుల్లో డబ్బా "ఇంట్లో ఎవరున్నారు?" అని కేకేస్తే కంప్యూటర్ "నేనున్నా" అని పలికేది. ఆ పలకడం కూడా పాత భాషతోనే పోయింది. ఇప్పుడు మనమే వీధీ ఇంటి నంబరూ చెప్పి పంపాలి. కంప్యూటర్‌కి రూటర్ ఇచ్చిన నంబరు, 192తో మొదలయ్యేది, చూసి రాసుకొచ్చి డబ్బాలో కొట్టాను. మొదటిసారి డబ్బా నన్ను ఏదో అడిగింది! యూజర్ పేరు, పాస్‌వర్డ్. అంతవరకు మాట్లాడని మనిషి మాట్లాడినంత సంతోషం వేసింది.

రోజూ కంప్యూటర్ తెరవడానికి కొట్టే నాలుగంకెలే కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పు. మావాడు నవ్వాడు. "అది పిన్ను మ్మా, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే. బయటినుంచి వచ్చేవాళ్లు అసలు పాస్‌వర్డ్ చెప్పాల." ఆ అసలు పాస్‌వర్డ్ ఏందిరా అంటే, "నా టెన్త్ హాల్‌టికెట్ నంబరు" అన్నాడు. ఆ నంబరెంత అంటే వాడికి గుర్తులేదు. బీరువాలో సర్టిఫికెట్ల ఫైలు కిందికి దించాను. అందులో నా బీఏ మార్కుల లిస్టు కనిపించి, ఛందస్సులో ఎన్ని వచ్చాయో చూసుకుంటూ కాసేపు అక్కడే ఉండిపోయాననుకోండి. చివరికి వాడి హాల్‌టికెట్ దొరికింది. నంబరు కొట్టాను.

వరసగా వచ్చాయి. బారసాల. స్కూల్ యాన్యువల్ డే. లేపాక్షి. పెళ్లి. "అమ్మా, వచ్చిందే!" అని అరిచాను. అమ్మ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. పెళ్లి అన్న ఫోల్డర్ మీద నొక్కాను.

ఖాళీ.

లేపాక్షి నొక్కితే నంది ముందు మావాడు గెంతుతున్నాడు. బారసాల వస్తోంది. పెళ్లి ఒక్కటే లేదు. ఉన్నది ఆ ఒక్క కాపీయే, హార్డ్‌డిస్క్ మార్చినప్పుడు పోయిందేమో అని కాళ్లు వణుకుతుండగా మిద్దె ఎక్కాను. కంప్యూటర్‌లో ఉంది. నొక్కితే ఆడుతోంది కూడా, వినాయకుడి బొమ్మ, గుండ్రంగా తిరిగే మా పేర్లు. దిగే ఓపిక లేక అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. మిద్దె మీద ఉన్నది, కింద లేదు. మిగతావి రెండుచోట్లా ఉన్నాయి. అంటే దారి బాగానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది పెన్‌డ్రైవ్. అందులో కూడా ఇదే కదా కాపీ చేసింది, అప్పుడూ ఖాళీయే కదా చూపించింది! పాపం ఆ కంత బాగానే ఉంది. తేడా ఈ ఫైలుదే.

మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఫైలునీ బారసాల ఫైలునీ పక్కపక్కన పెట్టి చూశాను. ఫోల్డర్‌లో పైన 'వ్యూ' అనే చోట, ఫైళ్ల పేర్ల చివరి తోక చూపించమని టిక్ పెట్టే వీలుంది. మామూలుగా విండోస్ ఆ తోకను దాచేస్తుంది. టిక్ పెట్టగానే బారసాల చివర ఎంపీఫోర్ అని వచ్చింది. మా పెళ్లికేమో ఏవీఎస్ఈక్యూ సున్నా ఒకటి, చుక్క, డీఏటీ.

మీ పెళ్లి కూడా ఆ కాలంలోనే అయి ఉంటే మీ సీడీల్లోనూ ఇదే ఉంటుంది, వెళ్లి చూసుకోండి. వీసీడీలో వీడియోకి ఆ తోకే పెడతారు. లోపల ఉన్నది మామూలు ఎంపెగ్ వీడియోనే. కంప్యూటర్‌లోని ప్లేయర్ లోపలికి తొంగి చూసి గుర్తుపట్టి ఆడిస్తుంది. మా డబ్బా తోక మాత్రమే చూస్తుంది, డాట్ అని ఉంటే ఇదేదో లెక్కల ఫైలులే అని అసలు చూపించదు. ముందు కాపీ ఒకటి చేసుకుని, ఆ కాపీకి తోక తీసి ఎంపీజీ అని పెట్టాను. తోక మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చు, మారుస్తావా అని కంప్యూటర్ బెదిరించింది. కాపీయే కదా అని 'ఎస్' నొక్కాను.

కిందికి వచ్చేసరికి అమ్మ సోఫాలో ఒరిగి కునుకు తీస్తోంది. లేపి, పెట్టాను.

ఆ వీడియోగ్రాఫర్ మా ఇద్దర్నీ గగన్‌మహల్ దగ్గరకు తీసుకెళ్లి తీసిన షాట్లు ముందొచ్చాయి, రాయలవారి వారసులు ఎండలు తప్పించుకోవడానికి ఉన్న మహల్లో మేము ఒకే గులాబీ పట్టుకుని నిలబడి ఉన్నాం. మావారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. తర్వాత ముహూర్తం. నాన్న నేసిచ్చిన చీర, అరిటాకుపచ్చకి వంకాయ రంగు అంచు. టీవీలో ఆ పచ్చ నీలంగా తేలిపోయింది. "ఆ అంచుకి కండెలు నేనే చుట్టింటి" అంది అమ్మ.

నాన్న మొదట వెనకనుంచి కనిపించాడు, బియ్యం బస్తా మోసేవాళ్లకు దారి చూపిస్తూ. తర్వాత కాళ్లు కడుగుతూ. తర్వాత పంక్తి భోజనాల దగ్గర వరసలమ్మట నడుస్తూ, వంగి ఒకాయనతో ఏదో అంటూ. నేను శబ్దం పెంచాను. నాన్న గొంతు వినాలని ఎంత ఆశపడ్డానో ఆ క్షణందాకా నాకే తెలీదు. కానీ వీడియో పొడుగునా సినిమా పాటలు కలిపేశారు. మంత్రాలూ లేవు, మేళమూ లేదు, నాన్న గొంతూ లేదు. పెదాలు కదులుతున్నాయంతే.

"ఏం జెప్తాండాడో తెల్సునా?" అంది అమ్మ, టీవీలోంచి కళ్లు తిప్పకుండా. "చిత్రాన్నం ఇంగ రోంత ఏపిచ్చుకో అంటాండాడు. ఆయప్ప మన మగ్గాల సావుకారి తమ్ముడు, మొగమాటం మనిషి." తర్వాత నాన్న కనిపించిన ప్రతిచోటా, ఏమంటున్నాడో అమ్మే చెప్పింది. ఒకచోట మాత్రం చెప్పలేదు. అప్పగింతల్లో నాన్న నా తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు. ఆయనేమన్నాడో నాకూ గుర్తులేదు.

"ఎనక్కి తిప్పు" అంది. తిప్పబోతే ఆగిపోయింది. ఆ ఫైలు మధ్యలోకి వెళ్లనివ్వదు, మొదటినుంచే చూడాలి. "అట్లయితే మొదట్నుంచే పెట్టు" అంది.

శనివారం వెళ్లేటప్పుడు అదే పెన్‌డ్రైవ్ అమ్మ సంచిలో పెట్టి, తమ్ముడి టీవీకి గుచ్చుకొమ్మన్నాను. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇందులో ఏమీ లేదు, ఖాళీగా ఉంది."

తోక మార్చిన కాపీ పెట్టడం మర్చిపోయాను. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది బుధవారం నాటి పాతదే. "ఖాళీ కాదు రా, ఉంది," అన్నాను. "నీ కూతురి ల్యాప్‌టాప్‌కి గుచ్చి, పైన వ్యూ అని ఉంటుంది చూడు..."