బీడీ చాట ముందు మా కులం

జగిత్యాల, కోరుట్ల బజార్లలో మాకందరికీ ఒకటే పేరు. తురకోళ్ళం. సర్కారు దఫ్తర్‌లో మాత్రం మేమందరం ఒకటి కాదు.

కోరుట్లలో బీడీలు చేసే వాకిట్లో షేకుల ఇంటామె, పఠాన్ల ఇంటామె, పద్మశాలీల ఇంటామె పక్కపక్కన కూచుంటారు. సిరిసిల్లలో అయితే మొగడు మరమగ్గం దగ్గర, భార్య చాట దగ్గర. అందరికీ తునికాకు ఒకటే, మెడనొప్పి ఒకటే, వెయ్యి బీడీలకిచ్చే కూలీ ఒకటే. 2015లో బీడీ పింఛన్ మొదలైనప్పుడు సర్కారు అడిగింది పీఎఫ్ కార్డును, మతాన్ని కాదు. కార్డు లేని చేతులు లెక్కకు రాలేదు. అది వేరే దుఃఖం.

ఆ ఇళ్ళ పిల్లలు కాలేజీ సీటుకు పోయినప్పుడే దారులు చీలతాయి. ముస్లింలందరికీ కలిపి ఇవ్వజూసిన 5 శాతం కోర్టులో నిలవలేదు. తర్వాత పి.ఎస్. కృష్ణన్ నివేదిక మా వెనకబాటును కులాల వారీగా చూపింది. 2007 చట్టం బీసీ-ఇ కింద 4 శాతం ఇచ్చింది. షేక్, ఖురేషీ, ఫకీర్, హజామ్ లోపల. సయ్యద్, మొగల్, పఠాన్ బయట.

ఇస్లాంలో కులం లేదని మసీదులో వింటాం. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు హజామ్‌ను ఎంత దూరంలో ఉంచుతామో మాకు తెలుసు. సర్కారు మాకు కులం అంటగట్టలేదు. మేం దస్తర్‌ఖాన్ కింద దాచినదాన్ని కాగితమ్మీద రాసింది, అంతే. పాకీపని చేసిన మెహతర్లను అడగండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల వాళ్ళు నేటికీ ఎస్సీలు కారు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు.

మరి బీడీలు చేసే పఠాన్ బిడ్డ? ఖాన్ అనే తోక ఆమె తాతకు ఏ జాగీరూ తెచ్చిపెట్టలేదు. తెలంగాణలో 2021లో ఈడబ్ల్యూఎస్ అమలుకొచ్చేదాకా ఆమెకు ఏ గడపా లేదు.

ఆ 4 శాతాన్ని 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. 12 శాతం చేస్తామని 2017లో తెలంగాణ శాసనసభ బిల్లు పాస్ చేసింది. అది ఢిల్లీ దాటి రాలేదు. 2023 ఎన్నికల ప్రచారంలో ఉన్న 4 శాతాన్నీ తీసేస్తామని అమిత్ షా అన్నారు. అదే ఎన్నికల్లో మా వోటు కోసం వచ్చినవాళ్ళు షాదీఖానా గురించి, కబ్రస్తాన్ ప్రహరీ గురించి మాట్లాడిపోయారు. వెయ్యి బీడీలకు ఎంత గిట్టుతున్నదమ్మా అని చాట ముందు కూచున్న ఆడవాళ్ళను అడిగినవాణ్ణి మేం చూడలేదు.