రెక్కాడని రోజులు

“రెక్కాడితేగాని డొక్కాడదు” అన్న సామెతను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇక్కడ రెక్క అంటే పక్షి రెక్క కాదు, మనిషి భుజమూ చేయీ అని వివరించి, సొంతవాక్యంలో ప్రయోగించమనేదాన్ని. విశాఖ ఓడరేవులో బస్తాలు మోసిన తాతలు, ఉక్కు కర్మాగారానికి షిఫ్టులకు వెళ్ళే తండ్రులు ఉన్న పిల్లలు కనుక వాళ్ళకు విడమరచి చెప్పవలసిన అవసరం పెద్దగా ఉండేది కాదు. ఏ దెబ్బా తగలకుండానే ఆ రెక్క ఆడడం మానివేయవచ్చునన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

దీనిని ఇప్పుడందరూ ఫ్రోజెన్ షోల్డర్ అంటున్నారు. మా వైపు ‘రెక్క పట్టేసింది’, ‘జబ్బ పట్టేసింది’ అంటారు. ఫ్రాన్సులో డుప్లే అనే శస్త్రవైద్యుడు 1872లోనే దీనిని వర్ణించాడు. ఈ ‘గడ్డకట్టిన భుజం’ అన్న పేరు బోస్టన్ వైద్యుడు కాడ్‌మన్ 1934లో పెట్టాడు. మా ఊరి ఓడరేవు తెరుచుకున్న మరుసటి సంవత్సరమన్నమాట. పేరులో మంచు ఉన్నది గాని, మంచు ఎరుగని మా సముద్రతీరంలో కూడా ఈ జబ్బుకు కొదవలేదు. మా ఇంట్లో రెండు తరాల భుజాలను పట్టుకున్నది చలి కాదు, చక్కెర.

భుజపు కీలు చుట్టూ పలుచని సంచివంటి పొర ఉంటుంది. చేయి ఎటు తిరిగితే అటు సాగేందుకు వీలుగా అది వదులుగా, ముడుతలతో ఉంటుంది. ఈ జబ్బులో ఆ సంచి మొదట వాస్తుంది, ఆపైన మందమై కుంచించుకుపోతుంది. కొత్త రవికె ఒక్క ఉతుకుకే బిగుతైపోయినట్లు. రక్తంలో చక్కెర ఏళ్ళతరబడి ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్ అనే మాంసకృత్తుకు అంటుకొని, దాని పోగులను ఒకదానికొకటి ముడివేస్తుంది. దానితో సాగే గుణం పోతుంది. మధుమేహుల భుజాలు ఎక్కువగా పట్టివేయడానికి వైద్యులు చెప్పే ముఖ్యకారణం ఇదే. సాధారణ జనంలో నూటికి 2 నుంచి 5 మందికి వచ్చే ఈ బాధ మధుమేహులలో నూటికి 10 నుంచి 20 మందికి వస్తుందని అంచనా. 40, 60 ఏళ్ళ మధ్య వయసువారిలో, అందులోనూ స్త్రీలలో, ఎక్కువ.

దీని నడకను మూడు దశలుగా చెబుతారు. రాత్రులు నిద్రపోనివ్వని నొప్పి దశ, నొప్పి తగ్గి చేయి బిగుసుకుపోయే దశ, మెల్లగా విడివడే దశ. మొత్తం మీద ఏడాది నుంచి మూడేళ్ళు. అందుకే దీనిగురించి అందరినోటా ఒక మాట వినిపిస్తుంది: “దానంతట అదే తగ్గిపోతుంది.” ఆ ఒక్క మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను ఆ మాటను మొదట విన్నది 1989లో. అప్పటికి అమ్మకు నలభై ఆరేళ్ళు, మధుమేహం బయటపడి ఏడెనిమిదేళ్ళు. వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఓడరేవులో ఖలాసీ. అమ్మ కుడిచేయి భుజం దాటి పైకి లేచేది కాదు. ఇంట్లో పెద్దలు వాతమన్నారు. నాటువైద్యుడొకాయన కట్టుకట్టి నెలరోజులు కదపవద్దన్నాడు. కట్టు విప్పేసరికి అంతకుముందు లేచినంత కూడా లేవలేదు. ఇక చేసేదేమీ లేక అందరూ “దానంతట అదే తగ్గుతుందిలే” అన్నారు. పదో తరగతి చదువుతున్న నేను రోజూ బడికి బయలుదేరేముందు అమ్మకు జడ వేసేదాన్ని. అలా రెండేళ్ళు వేశాను. నొప్పి తగ్గింది గాని చేయి పూర్తిగా రాలేదు. సింహాచలం వెళ్ళినప్పుడు కప్పస్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకొని మొక్కుకుంటారు కదా! అమ్మ ఎడమచేతిని చుట్టి, కుడిచేతిని ఊరికే స్తంభానికి ఆనించి నిలబడేది. “సామి సగం మొక్కు కూడా తీసుకుంటాడులే” అనేది. 2011లో పోయేదాకా ఆమెది ఆ సగం కౌగిలే. చక్కెరకూ భుజానికీ చుట్టరికం ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2022 వానాకాలంలో నా ఎడమ భుజానికి అదే వచ్చింది. నాకు మధుమేహం అప్పటికి పదకొండేళ్ళది. మొదట రాత్రిపూట ఆ పక్కకు తిరిగితే మెలకువ వచ్చేది. తర్వాత గాజువాక నుంచి వచ్చే సిటీబస్సులో పైకమ్మీ అందకుండా పోయింది. చివరకు రవికె వెనుక ముడి కూడా వేసుకోలేకపోయాను. ఒకచోట మెడనరం అన్నారు. ఎక్స్‌రే తీసి, అందులో ఏమీ లేదు గనుక ఏమీ లేదన్నారు. ఈ జబ్బులో ఎక్స్‌రే చాలావరకు మామూలుగానే ఉంటుంది. బిగుసుకున్నది ఎముక కాదు కదా, దాని చుట్టూ ఉన్న సంచి.

తర్వాత చూపించుకున్న ఎముకల వైద్యుడు మోచేతులను పక్కలకు ఆనించి, ముంజేతులను బయటికి తిప్పమన్నారు. కుడిచేయి తిరిగింది, ఎడమచేయి కదలలేదు. ఆయన పట్టుకొని తిప్పబోయినా కదలలేదు. మనం కదపలేకపోవడమే కాక ఎదుటివారు కదిపినా రాకపోవడం దీని గుర్తట. కండర తెగినవారికైతే, తాము ఎత్తలేకపోయినా, మరొకరు ఎత్తితే చేయి చాలావరకు లేస్తుంది. ఆపైన “ఒకసారి నమస్కారం పెట్టండి” అన్నారు. నాకు అర్థం కాలేదు. పెట్టాను. నా అరచేతుల మధ్య, వేళ్ళ దగ్గర, సన్నటి సందు మిగిలింది. వేళ్ళ కీళ్ళు కూడా బిగుస్తున్నాయనడానికి అదొక ఆనవాలు. “షుగర్ ఎంతకాలంగా?” అన్నది ఆయన తర్వాతి ప్రశ్న.

కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి దశలో అది బాగా ఉపశమనమిస్తుంది. అయితే మధుమేహులకు కొన్నిరోజులపాటు చక్కెర పైకి ఎగబాకుతుందని ముందే హెచ్చరించి, రోజూ కొలుచుకోమన్నారు. రెండవనాడు 312 చూపింది, వారం తిరిగేసరికి దిగివచ్చింది. ఆ తర్వాత అంతా వ్యాయామమే. బల్లమీదికి వంగి చేతిని లోలకంలా వేలాడదీసి ఊపడం, గోడమీద వేళ్ళతో పాకడం, తువ్వాలు వీపు వెనుక పట్టుకొని పైచేత్తో లాగడం. ముందుగా వేడినీళ్ళ సంచితో కాపడం. గోడమీద వేలు చేరినచోట పెన్సిలుతో గీతగీసి తారీఖు వేసేదాన్ని. ఒక్కొక్క నెల రెండు గీతల మధ్య వేలెడు ఎడం కూడా ఉండేది కాదు.

బలవంతంగా లాగితే త్వరగా వస్తుందేమోనని అనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్ళు గమనించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో, నొప్పిని మించి సాగదీసినవారికంటె, ఓర్చుకోగలిగినంత మేరకే కదిపినవారు ఎక్కువమంది కోలుకున్నారు. కట్టి పడవేయనూ కూడదు, విరిచి లాగనూ కూడదు. ఇవేవీ పనిచేయకపోతే మత్తు ఇచ్చి చేతిని కదిపి అతుకులు విడదీయడమో, చిన్న రంధ్రాలద్వారా ఆ సంచిని కోసి వదులుచేయడమో ఉన్నాయి. బ్రిటన్‌లో 35 ఆసుపత్రులలో 503 మందిమీద ఈ రెంటినీ, ఇంజెక్షనుతో కూడిన ఫిజియోథెరపీనీ పోల్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏడాది తర్వాత మూడు వర్గాలవారూ బాగుపడ్డారు, ఏ ఒక్కటీ మిగతావాటికంటె స్పష్టంగా మెరుగని తేలలేదు. కనుక కత్తిదాకా వెళ్ళడానికి తొందరపడనక్కరలేదు. మధుమేహులలో మాత్రం బిగుతు మొండిగా ఉంటుంది, ఎక్కువకాలం ఉంటుంది, కొంత మిగిలిపోవడమూ కద్దు. చక్కెరను అదుపులో పెట్టుకోవడం కూడా అందుకే ఈ వైద్యంలో భాగమంటారు. నాకు పద్ధెనిమిది నెలలు పట్టింది. బస్సుకమ్మీ అందుతోంది. వీపు వెనుక ముడి ఇప్పటికీ కష్టమే.

ఫిజియోథెరపీ గదిలో నా పక్కన చేపల రేవు నుంచి ఒకామె వచ్చేది. వేకువనే రేవులో పాట పాడి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకొని వీధివీధీ తిరిగే మనిషి. ఆమెకూ మధుమేహమే. అక్కడి అమ్మాయి ధైర్యం చెబుతూ, రెండేళ్ళలో చాలామందికి తగ్గిపోతుందన్నది. ఆమె నావైపు తిరిగి, “రెండేళ్ళకి తగ్గిపోద్ది అంతన్నారు పంతులమ్మా. ఈ రెండేళ్ళూ గంప ఎవులెత్తుతారు?” అన్నది.

అమ్మ జడ వేసిన రెండేళ్ళు నాకు గుర్తువచ్చాయి. ‘దానంతట అదే’ అన్నది కీలుకు సంబంధించినంతవరకు చాలామందిలో నిజం కావచ్చు, మధుమేహులలో అదీ సగమే నిజం. ఆ లోపల గడవవలసిన దినాలు మాత్రం వాటంతట అవి గడవవు. నాకు జీతముంది, సెలవులున్నాయి, అమ్మకు నేనున్నాను.

మధుమేహులకు ఏటేటా కళ్ళు చూస్తారు, పాదాలు చూస్తారు. రెండు చేతులూ పైకెత్తమని, ముంజేతులు బయటికి తిప్పమని, వీపు గోకమని అడగడానికి నిమిషం పట్టదు. ఈ పరీక్ష అద్దం ముందు మీరే చేసుకోవచ్చు, మీ ఇంటి పెద్దలచేత చేయించవచ్చు. ఒక చేయి వెనకబడితే నొప్పి దశలోనే వైద్యుణ్ణి కలవండి, ఇంజెక్షను ఎక్కువగా మేలుచేసేది అప్పుడే. చక్కెర ఉన్నదో లేదో ఎన్నడూ చూపించుకోనివారికి ఈ జబ్బు వస్తే ఆ పరీక్ష కూడా చేయించండి. హఠాత్తుగా ఎడమ భుజం లాగి, చెమటలు పట్టి, గుండెలో బరువనిపిస్తే మాత్రం అది వేరే సంగతి, క్షణం ఆలస్యం చేయకండి.

చేపలామె మొన్న మా వీధిలోకి వచ్చింది. చేయి చెవిదాకా లేస్తోందట. నెత్తిన గంప లేదు, చేతిలో చిన్న ప్లాస్టిక్ తట్ట. “దీన్లో ఎన్ని పడతాయి పంతులమ్మా? బేరమూ అంతే” అని, తట్ట కింద దించి తూకానికి కూర్చున్నది.